అయిష్టతా ధ్రువపత్రం

శేషావతారం తన నలభై మూడేళ్ళ బతుకులో సొంతంగా చేసిన పని ఒకే ఒక్కటి. ఉద్యోగం మానెయ్యడం.

మిగిలినవన్నీ ఎవరో ఒకరు చేసిపెట్టినవే. పేరు తాతగారు పెట్టారు. కాలేజీలో ఏ గ్రూపు చదవాలో హెడ్మాస్టరుగారు చెప్పారు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని ఇతన్నెవరూ అడగలేదు. పిల్లని అడిగారు, పిల్ల తలూపింది, దాంతో ఇతని పెళ్ళయిపోయింది. ఉద్యోగం భార్య అన్నగారు సూర్యచంద్రరావు ఇప్పించాడు. ఆయనకి ఎరువుల కొట్టుంది, నలుగురిలో పలుకుబడి ఉంది, పదిమంది చేరిన చోటల్లా "నేను లేకపోతే మా బావ ఏమైపోయేవాడో!" అనే అలవాటూ ఉంది. ఆ మాట అన్నప్పుడల్లా శేషావతారం నవ్వేవాడు. నవ్వమని కూడా ఎవరో చెప్పినట్టే ఉండేది ఆ నవ్వు.

ఉద్యోగం ఓ పచ్చళ్ళ కంపెనీలో. పేరెందుకు లెండి, మీ వంటింట్లోనూ ఓ సీసా ఉండే ఉంటుంది. అతను అందులో స్టోర్సు గుమాస్తా. వచ్చిన సరుకూ పోయిన సరుకూ రిజిస్టర్లో రాసి కింద సంతకం పెట్టడం పని. పదిహేడేళ్ళు పెట్టాడు. ఆ ఏడు ఫిబ్రవరిలో, అమ్ముడుపోక తిరిగొచ్చిన ఆవకాయ సీసాలు పన్నెండు వందలు గోడౌన్లో పడున్నాయి. పైన బూజు పట్టింది. యజమాని ఆ బూజు చెంచాతో తీయించి, పైన కొత్త నూనె పోయించి, కొత్త తేదీ చీటీలు అంటించాడు. "కొత్త సరుకు అని రాసి సంతకం పెట్టవయ్యా," అన్నాడు.

శేషావతారం పెన్ను మూత తీశాడు. మళ్ళీ మూత పెట్టేశాడు.

"నేను పెట్టనండీ," అన్నాడు.

ఆ మాట అన్నది ఇంకెవరైనా ఏమోనని యజమాని వెనక్కి తిరిగి చూశాడు. నిజానికి శేషావతారానికీ ఆ అనుమానం వచ్చింది. గోడౌన్లో వేరే ఎవరూ లేరు. యజమాని చెడ్డవాడేం కాదు. తిట్టలేదు, పొమ్మనలేదు. "ఎండకి తల తిరిగినట్టుంది, ఇంటికెళ్ళి పడుకో. రేపు పెడుదువుగాని. జీతం కూడా ఓ అయిదొందలు పెంచుతాలే," అన్నాడు.

మర్నాడు శేషావతారం రాజీనామా ఇచ్చేశాడు.

ఇక్కడే జరిగింది పొరపాటు. రాజీనామా ఎలా రాయాలో అతనికి తెలీదు. సొంతంగా పని చెయ్యడం అదే మొదలు కదా. తిన్నగా మేనమామ పేరయ్యగారి దగ్గరికి వెళ్ళాడు. పేరయ్యగారు రిజిస్ట్రారాఫీసు ముందు నలభై ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్నారు. క్రయం, తనఖా, భాగపంపిణీ తప్ప ఆయన చేతికి మరోటి రాదు. సొంత కూతురి శుభలేఖ ఆయనే రాసుకుంటే, చివర్న "ఇందుకు సాక్షులు" అని పడిందని బంధువర్గంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"నీకెందుకురా, రేపు ఎవడూ వేలెత్తి చూపకుండా రాసిపెడతా," అన్నారు పేరయ్యగారు. స్టాంపు కాగితం తీశారు. సదరు స్టోర్సు గుమాస్తా ఉద్యోగమును బొడ్డపాటి శేషావతారం అను నేను, స్వస్థబుద్ధితో, ఎవరి బలవంతము గాని ప్రోద్బలము గాని ప్రలోభము గాని లేకుండా, నా పూర్తి ఇష్టపూర్వకముగా వదులుకొనుచున్నానని రాశారు. నేను గాని నా వారసులు గాని ఇకముందు సదరు ఉద్యోగముపై ఎట్టి హక్కునూ కోరజాలమని రాశారు. ఉద్యోగానికి హద్దులు కూడా రాశారు: తూర్పు నూనె డ్రమ్ములు, దక్షిణం యజమానిగారి గది, పడమర ఉప్పు బస్తాలు, ఉత్తరం మరుగుదొడ్డి. ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించి, మేనల్లుడని ఫీజు సగమే పుచ్చుకున్నారు.

ఇంటికొచ్చి సంగతి చెబితే భార్య కనకరత్నం కుట్టుమిషను ఆపింది. వాళ్ళకి ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. ఆవిడ జాకెట్లు కుడితే వచ్చేది కూరానారకి సరిపోతుందంతే.

"ఎవరు ఎక్కించారు మీకు?" అంది.

"ఎవరూ ఎక్కించలేదే."

"మీ అంతట మీరు మానేశారా? చెప్పొచ్చారు లెండి! ఆ ప్యాకింగు సెక్షను అప్పారావు ఎక్కించుంటాడు. వాడి మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మంట."

సూర్యచంద్రరావు కూడా వచ్చి ఆ అప్పారావునే తిట్టి వెళ్ళాడు. అప్పారావు నెలరోజులుగా కామెర్లతో మంచంలో ఉన్నాడు పాపం.

అదే నెలలో ప్రభుత్వం నిరుద్యోగ ఉపశమన భృతి పథకం పెట్టింది. ఉద్యోగం పోయినవాళ్ళకి నెలకి నాలుగు వేలు చొప్పున ఆర్నెల్లు ఇస్తారు. ఇంటద్దె మూడున్నర. ఇంకో ఉద్యోగం దొరికేదాకా తల దాచుకోవచ్చని కనకరత్నం లెక్క వేసింది. చేతిలో సంచి పెట్టి భర్తని పంపింది.

* * *

భృతి కార్యాలయంలో కౌంటరు దగ్గర గుమాస్తా విమలాదేవి. ఆవిడ రాజీనామా పత్రం మొదటినుంచి చివరిదాకా చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఇంత ఇష్టంగా ఉద్యోగం మానేసినవాణ్ణి నా సర్వీసులో చూళ్ళేదండీ," అంది. "పెళ్ళి కూడా ఇంత ఇష్టంగా చేసుకోరు ఎవరూ."

"అది మా మావయ్య రాతండీ. ఆయన అన్నీ అలాగే రాస్తారు."

"తొమ్మిదో నిబంధన, గ ఉపనిబంధన. తన ఇష్టంతో ఉద్యోగం మానుకున్నవారు అనర్హులు. ఇష్టం లేకుండా మానుకున్నవారు అర్హులు. మీకిష్టం లేదా?"

శేషావతారం బూజు సంగతి చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా వింది.

"బూజు పచ్చడికి పట్టింది గదండీ. మీ ఇష్టానికి పట్టలేదుగా. అది వేరే శాఖ చూసుకుంటుంది. మాకు కావలసింది మీకు ఇష్టం లేదని రుజువు. అయిష్టతా ధ్రువపత్రం తెండి."

"అది ఎవరిస్తారండీ?"

"కులం ఎవరిస్తారు? ఆదాయం ఎవరిస్తారు? మీరు మీరేనని ఎవరిస్తారు? తాసీల్దారుగారే. ఇప్పుడు ఇష్టం కూడా వారికే అప్పగించారు," అని, ఏదో గుర్తొచ్చి తలెత్తింది. "ఇంతకీ ఇక్కడికి మిమ్మల్నెవరు పంపారు?"

"మా ఆవిడండీ."

"మంచిది. అది మీకు కలిసొస్తుంది," అని రాసుకుంది.

వారం తిరక్కుండా వీఆర్వో స్థానిక విచారణకి వచ్చాడు. వీధి మధ్యలో కుర్చీ వేయించుకుని, ఇరుగుపొరుగుని పిలిచి, శేషావతారానికి ఇష్టం అనేది ఉందా లేదా అని ఒక్కొక్కర్నే అడిగాడు. ఇలాంటి విచారణ ఆ వీధిలో ఎన్నడూ జరగలేదు. జనం పనులు మానుకుని మరీ వచ్చారు.

"ఆయనకి ఇష్టాలేంటండీ," అన్నాడు పక్కింటి పాలకేంద్రం ప్రసాదం. "మా గోడ రెండడుగులు వాళ్ళ వైపు జరిపి కట్టుకున్నాను. ఏమన్లేదు. మంచివాడండీ."

"కార్తీక సమారాధనకి ఎంత రాయమంటే అంత రాశాడు," అన్నాడు ఇంకొకాయన. "వద్దంటే ఊరుకున్నాడు."

కనకరత్నాన్ని అడిగారు. ఆవిడ ఇబ్బందిగా చీర చెంగు తిప్పుకుంది. "పద్ధెనిమిదేళ్ళయిందండీ. ఏం పెట్టినా తింటారు. ఏం తెచ్చినా కట్టుకుంటారు. ఇది కావాలి అని నోరు తెరిచి అడిగింది నాకు గుర్తు లేదు," అంది. అబద్ధం చెప్పలేదు పాపం. ఆర్నెల్ల అద్దె కోసం చెప్పింది గనక మెల్లిగా చెప్పింది, అంతే.

సూర్యచంద్రరావు సాక్ష్యం మాత్రం పావుగంట సాగింది. "నేను లేకపోతే" అని మొదలుపెట్టి, బావగారి జీవితంలో తను తీసుకున్న నిర్ణయాలన్నీ వరసగా చెప్పాడు. వీఆర్వోకి రాయలేక చెయ్యి లాగింది.

చివర పంచనామా అందరికీ వినిపించారు. "సదరు అభ్యర్థిని గూర్చి స్థానికముగా విచారించగా, అతనికి ఇష్టము అనునది ప్రస్తుతము లేదనియు, గతమున ఉండిన ఆనవాళ్ళు కూడా కానరాలేదనియు, భవిష్యత్తున కలుగు సూచనలు లేవనియు పంచాయితీదార్లు ఏకగ్రీవముగా తెలిపినారు." పదకొండు మంది సంతకాలు పెట్టారు. పాలకేంద్రం ప్రసాదం వచ్చి "మా సాయం ఎప్పుడైనా కావాలంటే చెప్పండి" అని భుజం తట్టాడు.

శేషావతారం అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. నాలుగు డబ్బులొచ్చే కాగితమే, తనకి మేలు చేసే కాగితమే. అయినా గుండెల్లో ఎక్కడో చిన్న ముల్లు దిగినట్టయింది. గతమున ఆనవాళ్ళు కూడా లేవా? గోడౌన్లో పెన్ను మూత పెట్టేసిన ఆ మధ్యాహ్నం సంగతేమిటి? అడుగుదామనుకున్నాడు. కానీ వీఆర్వో అప్పటికే కుర్చీ మడిచేస్తున్నాడు.

* * *

ధ్రువపత్రం పట్టుకెళ్ళేసరికి కార్యాలయంలో కొత్త సర్క్యులరు వచ్చింది. ఈసారి విమలాదేవి అతన్ని తిన్నగా అధికారి దగ్గరికే పంపింది.

అధికారి పేరు హయగ్రీవరావు. మామూలు మాటల్లో మాట్లాడటం ఆయన ఉద్యోగంలో చేరిన ఏడే మానేశాడు. ఇంట్లో కూడా "సదరు చారులో ఉప్పు తగినంత లేదని గమనించడమైనది" అంటాడని కిందివాళ్ళు చెప్పుకుంటారు.

"ప్రభుత్వము ఇష్టమునకు వ్యతిరేకము కాదు," అన్నాడాయన. "ఇష్టమునకు డబ్బు చెల్లించుటకు మాత్రమే వ్యతిరేకము. అయితే ఇటీవలి ఆడిట్లో ఒక తీవ్రమైన లోపము బయటపడినది. ఈ కార్యాలయమునకు వచ్చిన దరఖాస్తుదారులందరూ తమ ఇష్టపూర్వకముగానే వచ్చినట్లు తేలినది! ఇష్టము లేనివాడని ధ్రువీకరింపబడిన వ్యక్తి ఇష్టపూర్వకముగా మెట్లెక్కి వచ్చినచో, ఆ ధ్రువపత్రము గతి ఏమగును?"

శేషావతారానికి ఏమగునో తెలియలేదు.

"కావున, స్వచ్ఛందముగా వచ్చినవారి దరఖాస్తులు ఇకపై స్వీకరింపబడవు. అభ్యర్థిని ఇతరులెవరైనా తీసుకురావలెను. బలవంతముగా."

ఆ మాట ఊళ్ళో ఎలా పాకిందో గానీ, మర్నాటికల్లా కార్యాలయం ముందు ఆటోస్టాండు పక్కనే లాగుడువాళ్ళ స్టాండు వెలిసింది. తోడు మనిషి లేని అభ్యర్థుల్ని రోడ్డు మీంచి కౌంటరు దాకా లాక్కెళ్ళి అప్పగిస్తారు. మెట్లు ఇరవై రెండు. మనిషి లావుని బట్టి రేటు. పథకం వల్ల ముప్పై ఎనిమిది మందికి కొత్తగా ఉపాధి దొరికిందని హయగ్రీవరావు పైకి నివేదిక పంపాడు. ఆ ముప్పై ఎనిమిది మందీ అంతకుముందు భృతికి పెట్టుకున్నవాళ్ళే గనక, ఉపాధి దొరికిన కారణంగా వాళ్ళ దరఖాస్తులు కొట్టేశాడు. ఒక దెబ్బకి రెండు పిట్టలు.

శేషావతారాన్ని లాగడానికి సూర్యచంద్రరావు తనే వచ్చాడు. కొట్టు మూసుకుని మరీ వచ్చాడు. "డబ్బు దండగెందుకు బావా, నేనుండగా!" అని మణికట్టు పట్టుకుని బయల్దేరాడు. శేషావతారం వెంట నడిచాడు. కౌంటరు దగ్గర విమలాదేవి కిటికీలోంచి అంతా చూసి పెదవి విరిచింది.

"ఇది లాగినట్టు లేదండీ. ఇద్దరూ కలిసి సినిమాకి వెళ్తున్నట్టుంది. వారు కాస్త గింజుకోవాలి."

కిందికి దిగి మళ్ళీ వచ్చారు. శేషావతారానికి గింజుకోవడం చేత కాలేదు. పుట్టి బుద్ధెరిగి ఎవరైనా చెయ్యి పట్టుకుంటే వెంట వెళ్ళడమే గాని వెనక్కి గుంజిన పాపాన పోలేదు. మూడోసారి మెట్ల దగ్గర కళ్ళు మూసుకుని కాళ్ళు బిగబట్టాడు. సూర్యచంద్రరావు ఉత్సాహంగా ఒక్క గుంజు గుంజాడు. చెప్పు ఊడిపోయింది, చొక్కా భుజం దగ్గర చిరిగింది, లోపలికొచ్చి పడ్డారిద్దరూ.

"ఇప్పుడు బాగుంది," అంది విమలాదేవి సంతృప్తిగా. "కానీ చూడండీ, మరీ ఎక్కువ గింజుకోకూడదు. మరీ గింజుకుంటే రావడం ఇష్టం లేదన్నట్టే కదా, అంటే ఏదో ఒక ఇష్టం ఉన్నట్టే. సర్క్యులర్లో 'మితముగా' అని స్పష్టంగా ఉంది."

చెప్పు జారుట గమనించడమైనదని రాసి ముద్ర వేసింది. ఇంటికెళ్ళే దారిలో సూర్యచంద్రరావు నాలుగు చోట్ల ఆగి ఆ లాగిన వైనం నలుగురికీ చేతులతో చేసి చూపించాడు. శేషావతారం చిరిగిన చొక్కా మీద సంచి అడ్డం పెట్టుకుని పక్కన నిలబడ్డాడు. నాలుగోచోట ఎప్పటిలా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

* * *

ఆఖరి మెట్టు, అదే కార్యాలయంలో కూర్చునే జిల్లా ఇష్ట నిర్ధారణ సంఘం. ముగ్గురు సభ్యులు: రిటైరైన ఒక జడ్జిగారు, పెద్దాసుపత్రిలో మనసుకి వైద్యం చేసే ఒక డాక్టరుగారు, మూడోవాడు హయగ్రీవరావు. వీళ్ళ ముందు పరీక్ష గట్టెక్కితే మొదటి నెల భృతి అప్పటికప్పుడే చేతిలో పెడతారు. కనకరత్నం ఆ పొద్దున్న ఇంటివాళ్ళకి సాయంత్రం అద్దె ఇస్తామని మాట కూడా ఇచ్చేసింది.

"కాఫీ తాగుతారా, టీ తాగుతారా?" అన్నారు జడ్జిగారు ఎంతో ఆప్యాయంగా.

"ఏదైనా ఫర్వాలేదండీ."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని రాసుకున్నారు. అంతకుముందు వచ్చినవాళ్ళలో తొమ్మిదిమంది ఈ ప్రశ్న దగ్గరే పోయారు. ఒకడైతే పంచదార తక్కువ వెయ్యమన్నాడు కూడాను.

"అదిగో రెండు కుర్చీలున్నాయి. కూర్చోండి," అన్నారు డాక్టరుగారు. శేషావతారం ఏ కుర్చీలోనో తెలీక రెండింటి మధ్యా నిలబడ్డాడు. అయిదు నిమిషాలు గడిచాయి. డాక్టరుగారు గడియారం చూసి, అద్భుతం అన్నట్టు తల పంకించారు.

"మిమ్మల్ని బయటికి వెళ్ళమంటే?"

"వెళ్తానండీ."

"వద్దంటే?"

"ఉంటానండీ."

"హయగ్రీవరావుగారూ," అన్నారు జడ్జిగారు కుర్చీలోంచి లేచి, "నలభై ఏళ్ళు తీర్పులు చెప్పాను. ఇలాంటి అభ్యర్థిని చూడలేదు. పథకాన్ని ఇతన్ని చూసే రాసినట్టుంది."

హయగ్రీవరావు ఉప్పొంగిపోయి ఫైలు తెరిచాడు. "ఇక లాంఛనమే. ఈ ప్రకటన చదువుతాను, కింద సంతకం చేయుడు," అని చదవసాగాడు. "సదరు తేదీన కంపెనీ నుండి బయటికి వచ్చుట నా వల్ల జరిగినది కాదనియు, అప్పటి పరిస్థితుల ప్రభావము వల్ల నా కాళ్ళు మాత్రమే కదిలినవనియు, సంతకము చేయ నిరాకరించుట నా నిర్ణయము కాదనియు, బూజుపట్టిన సరుకు విషయమున నాకు ఎట్టి అభిప్రాయమూ లేదనియు..."

"ఆ ముక్క తీసేయండి," అన్నాడు శేషావతారం.

హయగ్రీవరావు ఆగాడు. "ఏ ముక్క?"

"అభిప్రాయం లేదన్న ముక్కండీ. నాకు అభిప్రాయం ఉంది."

జడ్జిగారు చేతిలో కాఫీ కప్పు కింద పెట్టారు.

"చూడండి శేషావతారంగారూ," అన్నారు డాక్టరుగారు మెత్తగా, పసివాడికి చెప్పినట్టు. "ఇది లాంఛనం. ఎవరూ చదవరు. సంతకం పెట్టేస్తే డబ్బు తీసుకుని వెళ్ళొచ్చు."

అచ్చం ఇలాంటి మాటే పచ్చళ్ళ కంపెనీ యజమాని కూడా అన్నాడు. శేషావతారానికి ఇల్లు గుర్తొచ్చింది. పొద్దున్న నుంచీ వంచిన నడుం ఎత్తకుండా జాకెట్లు కుడుతున్న కనకరత్నం గుర్తొచ్చింది. సాయంత్రం అద్దెకొచ్చే ఇంటివాళ్ళు గుర్తొచ్చారు. ముందున్నది నుయ్యి, వెనకున్నది గొయ్యి. పెన్ను చేతిలో ఉంది.

"అద్దె కట్టాలండీ," అన్నాడు. "డబ్బు చాలా అవసరం. అందుకే ఇన్నాళ్ళూ మీరు ఏం చెప్పమంటే అది చెప్పాను, ఎలా రమ్మంటే అలా వచ్చాను. కానీ ఉద్యోగం మానేసింది నేనేనండీ. ఎవరూ ఎక్కించలేదు. మా ఆవిడతో కూడా చెప్పకుండా మానేశాను. ఆ సీసా కొనుక్కెళ్ళి ఎవరో పిల్లలకి అన్నంలో కలిపి పెడతారు. అది తెలిసి సంతకం పెట్టలేకపోయాను. గేటు దాకా దాదాపు పరిగెత్తుకొచ్చాను. భయం అనుకున్నానండీ. రోడ్డు మీదికొచ్చాక తెలిసింది, అది సంతోషం. నా బతుకులో నేను చేసింది ఆ ఒక్కటీ. దాన్ని కూడా నేను చెయ్యలేదని రాసిచ్చేస్తే నాకింకేం మిగలదండీ."

జడ్జిగారు ఆశ వదులుకోలేదు. "మరి ఇందాక కాఫీయా టీయా అంటే ఏదైనా ఫర్వాలేదన్నారే?"

"కాఫీ టీలు నాకు నిజంగానే రెండూ ఒకటేనండీ," అన్నాడు శేషావతారం. "సంతకం అలా కాదు."

హయగ్రీవరావు మొహం వాడిపోయింది. చేతికందిన ఆదర్శ అభ్యర్థి కళ్ళముందే చెడిపోయాడు. పై అధికారుల సమావేశంలో చూపించుకుందామని ఫోటో కూడా సిద్ధం చేసుకున్నాడాయన. ఒక్క క్షణం ఆయనకి మామూలు మాటలొచ్చేశాయి. "ఏంటయ్యా ఇది! అంతా అయిపోయాక!" అన్నాడు. వెంటనే సర్దుకుని, "సదరు వాఙ్మూలము నమోదు చేయడమైనది" అన్నాడు.

శేషావతారం పెన్ను బల్ల మీద పెట్టి, ఇరవై రెండు మెట్లూ తనే దిగి ఇంటికెళ్ళాడు.

* * *

జరిగింది వినగానే కనకరత్నం అగ్గి మీద గుగ్గిలమైంది. "పెట్టాల్సింది ఒక్క సంతకం! వేలు చూపిస్తే వేలిముద్రలు వేసేవాళ్ళున్నారు లోకంలో! ఇంటివాళ్ళకి ఏం చెప్పను? నా మొహం చెప్పనా?" అంది. ఇంటివాళ్ళని బతిమాలి పదిహేను రోజులు గడువు తెచ్చుకుంది. ఆ తర్వాత మూడ్రోజులు భర్తతో మాట్లాడలేదు. నాలుగో రోజున మిషను తొక్కుతూ, తలెత్తకుండానే అడిగింది.

"నిజంగా మీ అంతట మీరే మానేశారా?"

"ఆ."

"అప్పారావు ఏం చెప్పలేదూ?"

"వాడికి కామెర్లు. అప్పటికి నెలై కనపడనే లేదు."

ఆ పూట నుంచి ఆవిడ మళ్ళీ మాట్లాడింది. శేషావతారం రోజూ పొద్దున్నే తయారై పని వెతుక్కోవడానికి వెళ్తున్నాడు. ఓ నూనె మిల్లువాళ్ళు వచ్చే సోమవారం కనబడమన్నారు. జీతం పాతదానికంటే తక్కువే. లెక్కల్లో ఏమైనా తేడా వస్తే రాయనని ముందే చెప్పానని ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. మిల్లువాళ్ళు దానికేమన్నారని ఆవిడ అడిగింది. ఆలోచిస్తామన్నారట.

తొమ్మిదో రోజున రిజిస్టరు పోస్టులో ఉత్తర్వు వచ్చింది. ఆ సమయానికి సూర్యచంద్రరావు అక్కడే ఉన్నాడు. కవరు చెల్లెలి చేతిలోంచి తనే తీసుకుని చింపాడు. ఇంట్లో కాగితాలన్నీ ముందు ఆయన చదవడమే అలవాటు.

"పైన ఉదహరించిన దరఖాస్తును పరిశీలించగా," అని గొణుక్కుంటూ చదివి, చివరికొచ్చి తొడ చరిచాడు. "అనర్హుడు! నే చెప్పలా? చేతికొచ్చిన డబ్బు కాలదన్నుకున్నాడు. ఇంకెవడో ఎక్కించుంటాడు అమ్మాయ్. మన బావకి అంత బుర్రెక్కడ ఏడ్చింది! నేను లేకపోతే ఇల్లు..."

కనకరత్నం మిషను ఆపింది.

"అనర్హుడన్నది తర్వాత. దాని పైన ఏం రాశారో చదువు అన్నయ్యా."

"పైన ఏముంది, మామూలు సోదే."

"చదువు."

సూర్యచంద్రరావు చెల్లెలి మొహం చూశాడు. చూసి, కాగితం మళ్ళీ తెరిచాడు. "ముగ్గురు సభ్యుల సంఘము సమక్షమున, వైద్య పరీక్ష పిదప, సదరు బొడ్డపాటి శేషావతారం అను వ్యక్తి తన ఉద్యోగమును తానే, తన సొంత నిర్ణయము మీదనే వదిలినట్లు, అందులో ఇతరులెవరికీ సంబంధము లేనట్లు, ఎట్టి సందేహమునకు తావు లేకుండా రుజువైనది."

"ముద్రుందా?"

"ఉంది."

"జడ్జిగారి సంతకం?"

"అదీ ఉంది. అయితే ఏంటి? బావ సంగతి వాళ్ళకేం తెలుసు? గవర్నమెంటు పొరబడింది."

"నువ్వు విచారించావా? వాళ్ళు విచారించి మరీ రాశారు," అంది కనకరత్నం. పద్ధెనిమిదేళ్ళలో అన్నగారికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. అప్పుడే ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్న శేషావతారం చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆవిడ అతన్ని చూసింది. పక్కకి జరిగి, మిషను ముందున్న పీట అతని వైపు తోసి, మళ్ళీ అన్నగారి వైపు తిరిగింది.

"ఇప్పుడు మళ్ళీ చదువు. గట్టిగా. పక్కింటి ప్రసాదంగారిక్కూడా వినపడాలి."

సూర్యచంద్రరావు చదివాడు. ఇష్టం లేకుండానే.